ఇంటి నంబరు లేనివాళ్ళతో నాలుగు రోజులు

సంక్రాంతికి హనుమకొండలో మా అక్క ఇంటికి వెళ్ళాను. పండుగ అయ్యాక వెంటనే హైదరాబాదు బయలుదేరకుండా ఇంకో నాలుగు రోజులు ఆ వైపే తిరిగాను. ఎక్కడికని అక్క అడిగితే సూటిగా చెప్పలేకపోయాను. రాత్రిపూట స్టేషన్ల దగ్గర, గుళ్ళ దగ్గర పడుకునేవాళ్ళతో మాట్లాడటానికి అంటే, వీడికి రిటైరయ్యాక మతి చలించిందని బావకు ఫోను చేసేది. అందుకని వేములవాడ, ధర్మపురి యాత్ర అన్నాను. అదీ అబద్ధం కాదు. దారిలో తినమని ఆమె డబ్బా నిండా సకినాలు కట్టి ఇచ్చింది.

అసలు సంగతి పాతది. నేను లెక్కల మాస్టారిని. 2011 ఫిబ్రవరిలో అందరు మాస్టార్లతో పాటు నన్నూ జనాభా లెక్కలకు వేశారు. ఇళ్ళున్నవాళ్ళను రాయడానికి 9వ తేదీ నుంచి 28 దాకా గడువు. ఇళ్ళు లేనివాళ్ళకు ఒకే ఒక్క రాత్రి, 28వ తేదీ రాత్రి. పగలంతా తిరిగే మనుషులు కనుక, ఎక్కడివాళ్ళు అక్కడ పడుకున్నాక టార్చిలైటుతో వెళ్ళి, లేపి, పేరూ వయసూ రాసుకోవాలి. అలా దేశమంతా కలిపి 17.7 లక్షల మంది తేలారు. వాళ్ళలో ఇరవై ముగ్గురు నా చేతిరాతలో ఉన్నారు. ఒకాయన నిద్రమత్తులో తన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. నా చేతిలో ఇంకా సగం వీధి ఉంది. "వయసు చెప్పు చాలు" అన్నాను. ఆయన చెప్పి అటు తిరిగి పడుకున్నాడు.

2021లో జరగాల్సిన లెక్కలు కరోనాతో ఆగిపోయాయి, నేను వెళ్ళిన 2025 జనవరి నాటికి కూడా జరగలేదు. జరిగినా రిటైరైనవాణ్ణి నన్ను ఎవరూ పిలవరు. కాగితాలు లేకుండా నేనే వెళ్ళాను.

వీళ్ళందరిదీ చక్కటి ఓరుగల్లు, కరీంనగరం మాట. పుస్తకాల భాషలోకి మార్చి రాస్తుంటే కారం కొంత తగ్గిన మాట నిజం.

జనవరి 18, శనివారం. వరంగల్ స్టేషన్ బయట

రాత్రి పదింటికి చేరాను. చలికి ఆటోవాళ్ళు కూడా చెవులకు మఫ్లర్లు చుట్టుకుని ఉన్నారు. పడుకున్నవాళ్ళను లేపకూడదని ఈసారి నాకు నేను పెట్టుకున్న నియమం. మెలకువగా ఉన్నది ఒక పెద్దాయన ఒక్కడే. విప్పి పరిచిన సంచుల మీద దుప్పటి, తల దగ్గర చీపురు. చీపురు కొత్తది. అదెందుకని అడగడంతో మాట కలిసింది.

తెల్లవారుజామున నాలుగింటికి లేచి టీ కొట్టు ముందు భాగం, పక్కన ఆటోలు ఆగే చోటు ఊడుస్తాడు. కొట్టతను తొలి టీ ఇస్తాడు. "ఊడవకపోయినా ఇస్తాడు, మంచివాడు. కానీ నేను తాగను సారూ. ఒళ్ళు బాగాలేక ఊడవని రోజున అవతలి కొట్టుకు వెళ్ళి పది రూపాయలు పెట్టి కొనుక్కుంటాను" అన్నాడు. ఆ పది రూపాయలు ఎక్కడివని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన తండ్రి ఆజంజాహి మిల్లులో మగ్గాల మీద పనిచేసేవాడు. నిజాం కాలంలో, 1934లో మొదలైన మిల్లు అది. సైరను మోగితే ఊళ్ళో గడియారాలు సరిచేసుకునేవారట. ఈయన కూడా అక్కడే చేరాడు, కానీ బదిలీ కార్మికుడిగా. అంటే రోజూ గేటు దగ్గర నిలబడాలి. ఎవరైనా పనికి రాకపోతే లోపలికి పిలుస్తారు, అందరూ వస్తే ఇంటికే. 2002లో మిల్లు మూతపడింది. మహారాష్ట్రలోని భీవండి వెళ్ళి మరమగ్గాల మీద చేశాడు. చూపు మందగించాక వెనక్కి వచ్చి కొడుకు దగ్గర చేరాడు. ఒకే గది. చుట్టాలు వచ్చినప్పుడల్లా ఈయన వరండాలోకి, వానాకాలంలో పక్కింటి మెట్ల కిందికి.

"నేను ఎప్పుడూ పర్మినెంటు కాలేదు సారూ. మిల్లులో బదిలీ, భీవండిలో బదిలీ, కొడుకింట్లో కూడా బదిలీయే. ఎవరైనా రాని రోజునే నాకు చోటు." ఏడుస్తూ చెప్పిన మాట కాదు ఇది. నవ్వుతూ, పాత జోకు మళ్ళీ చెప్పినట్టు చెప్పాడు.

నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఏడాది పొడవునా తెరిచి ఉండే ఆశ్రయాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2010లో చెప్పిందని, అలాంటి చోట ఎందుకు పడుకోరని అడిగాను. ఒకదానికి వెళ్ళాడట. పరుపు కూడా ఇచ్చారట. "అక్కడ అందరూ ఆరు దాటాక లేస్తారు. నా పని నాలుగింటికి. తలుపు తియ్యమని రోజూ ఇంకొకరి నిద్ర చెడగొట్టాలి." అంతే కారణం. నేను ఇంకా పెద్దది ఏదో ఊహించుకున్నాను.

సకినాల డబ్బా తీశాక గుర్తొచ్చింది, ఆయనకు పళ్ళు లేవు. ఆయన మాత్రం కంగారు పడలేదు. రెండు టీలు చెప్పమన్నాడు, ఇరవై రూపాయలు. సకినాన్ని టీలో ముంచి, మెత్తబడ్డాక పై చుట్టు నుంచి లోపలి చుట్టు దాకా ఒక్కొక్కటే విడదీసి తిన్నాడు. "నువ్వులు బాగా పడ్డాయి. వాము కొంచెం ఎక్కువైంది, అక్కకు చెప్పండి" అన్నాడు.

లేవబోతుంటే అడిగాడు: "చాలా ఏళ్ళ కింద ఒకాయన రాత్రిపూట లైటు వేసి మా పేర్లు రాసుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆ కాగితం ఏమైంది సారూ?"

ఇరవై ముగ్గురిలో ఈయన ఉన్నాడో లేదో నాకు తెలియదు. లెక్కలో కలిపారని చెప్పాను. "కలిపితే మంచిదే" అని దుప్పటి కప్పుకున్నాడు.

జనవరి 19, ఆదివారం. వరంగల్, హనుమకొండ

పొద్దున్నే మిల్లు ఉన్న చోటు చూడాలనిపించింది. ఆటో అబ్బాయికి ఇరవై ఏళ్ళు ఉండవు. "మిల్లు దగ్గరకు" అంటే తలూపాడు. ఏనుమాముల మార్కెట్ దాటించి ఒక రైసు మిల్లు ముందు దింపాడు. ఎనభై రూపాయలు. ఆజంజాహి మిల్లు అన్నాను. "అది మిల్లు కాదు కదా" అన్నాడు. నిజమే, స్థలం చాలావరకు ప్లాట్లయింది. వెనక్కి రావడానికి ఇంకో అరవై ఇచ్చి, మిల్లు చూడకుండానే చౌరస్తాలో దిగి, వేడి వేడి సర్వపిండి తిన్నాను. గిన్నెకు అంటుకుని మాడిన అంచు అడిగి మరీ పెట్టించుకున్నాను.

1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి చూసి (స్తంభాలు లెక్కపెట్టబోయి మధ్యలో మానేశాను, వృత్తి రోగం) భద్రకాళి గుడికి వెళ్ళాను. మెట్ల పక్కన కూర్చునేవాళ్ళకు ఒక వరుస ఉంటుందని, ఆ వరుసకు ఒక పద్ధతి ఉంటుందని అక్కడే తెలిసింది. ఒక కాలు లేని ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి, ఆ వరుసకు పెద్ద దిక్కు. కొత్తగా వచ్చినవాళ్ళు చివర కూర్చోవాలి. ఎవరైనా ఆసుపత్రి పాలైతే వాళ్ళ చోటు పది రోజులు ఖాళీగా ఉంచుతారు, మీద సంచి వేసి. పదకొండో రోజున జరుగుతారు. ఎవరికైనా పండో బిస్కెట్ పొట్లమో రెండోసారి వస్తే పక్కకు దాటిస్తారు. నేను చూస్తుండగానే ఒక అరటిపండు అలా నలుగురి చేతులు మారింది.

దానం చేసేవాళ్ళ గురించి ఆవిడ చెప్పినంత సూక్ష్మంగా ఏ పౌరాణికుడూ నాకు చెప్పలేదు. "చెప్పులు విడుస్తూ ఇచ్చేవాళ్ళు వేరు, దర్శనం అయ్యాక ఇచ్చేవాళ్ళు వేరు సారూ. ముందు ఇచ్చేది దరఖాస్తు. తర్వాత ఇచ్చేది రసీదు. మొహం చూసి ఇచ్చేవాళ్ళు రోజుకు ఒక్కరో ఇద్దరో." మరి ఎవరికి దండం పెడతావమ్మా అంటే, అందరికీ సమానంగానే పెడుతుందట. "దరఖాస్తు పెట్టినవాడిదే కదా అసలు కష్టం" అంది.

ఇప్పుడు ఆదాయం తగ్గింది. జనం దగ్గర చిల్లర లేదు, అంతా ఫోన్లలోనే. ఎవరో కుర్రాడు స్కానరు అట్ట తెచ్చి ఇస్తానన్నాడట. వద్దంది. "నాణెం పడితే చప్పుడవుతుంది, పక్కవాళ్ళకు తెలుస్తుంది. ఫోనులో ఎంత పడిందో ఎవరికి తెలుస్తుంది? వరుసలో గొడవలు వస్తాయి." నేను ముప్ఫై ఏళ్ళు స్టాఫ్ రూముల్లో ఉన్నాను. ఇంత తెలివైన హెడ్‌మాస్టర్లు ఇద్దరే తగిలారు.

సకినాలు ఇస్తే డబ్బా వరుస చివర నుంచి ముందుకు పంపమంది. తన దాకా వచ్చేసరికి రెండు మిగిలాయి. డబ్బా అడుగున అక్క వేరే కట్టిన పొట్లం ఉంది కనుక సరిపోయింది, లేకపోతే నా యాత్ర అక్కడే ఉపవాసమయ్యేది.

జనవరి 20, సోమవారం. కరీంనగర్ నుంచి వేములవాడ

కరీంనగర్ బస్టాండులో వేములవాడ బస్సుకు తోపులాట. సోమవారం కదా, రాజన్న వారం, అంటే అక్కడి రాజరాజేశ్వరస్వామిది. కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకునే విద్య నేను మరిచిపోలేదు. నా పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. డెబ్బై దాటి ఉంటాయి. ఒళ్ళో గోనె గుడ్డతో కుట్టిన సంచి. కండక్టరు రాగానే "బిడ్డా" అంటూ రవికలోంచి ప్లాస్టిక్ తొడుగులో ఉన్న ఆధార్ కార్డు తీసి చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం. ఆ టికెట్టును మడిచి, కార్డుతో పాటు తొడుగులో దాచింది. అందులో అలాంటివి ఒక దొంతర ఉన్నాయి.

"ఇన్ని ఎందుకక్కా?"

"ఎవరైనా నువ్వు ఎక్కడ ఉంటావంటే చూపించాలి కదా తమ్ముడూ."

ఆదివారం కొమురవెల్లి మల్లన్న. నిన్న అక్కడ పట్నం వారం జాతర, కాలు పెట్టడానికి చోటు లేదట. సోమవారం రాజన్న. మంగళవారం కొండగట్టు అంజన్న. గురువారం కరీంనగర్‌లో ఒక సాయిబాబా గుడి, అక్కడ భోజనం. శుక్రవారం ఏదో ఒక అమ్మవారు. శనివారం ధర్మపురి నరసింహస్వామి. ఎక్కడ దేవుడి వారమో అక్కడ జనం, జనం ఉన్నచోట అన్నం, పడుకోవడానికి నలుగురి తోడు. మరి బుధవారం? "బుధవారం ఎవరూ లేరు. ఆ రోజు బట్టలు ఉతుక్కుంటాను."

మా చిన్నప్పుడు పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకునేవారు. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. మా నాన్న అలా చదువుకున్నవాడే. ఆ మాట చెబితే ఆవిడకు నచ్చింది. "నేను దేవుళ్ళ ఇళ్ళలో వారాలు చేసుకుంటున్నానన్నమాట" అని వెనక సీటావిడకు కూడా చెప్పింది.

ఏ గుడిలోనూ రెండు రాత్రులు వరసగా పడుకోదు. ఎవరూ పొమ్మనరు. "రెండో రోజున ఊడ్చేవాళ్ళు మనల్ని చూసి పలకరిస్తారు. మూడో రోజున పలకరించరు. ఆ మూడో రోజును నేను మా ఇంట్లో చూశాను."

కార్డు మీద ఉన్న చిరునామా ఆ ఇంటిదే. భర్త కట్టిన ఇల్లు, కొడుకు పేరున రాసిచ్చింది. ఆసరా పెన్షన్ 2,016 రూపాయలు. దాని కోసం నెలకొకసారి ఊరికి వెళ్ళి వేలిముద్ర వేసి, ఎదురింటి అరుగు మీద పడుకుని తిరిగి వస్తుంది. మనవరాలికి అయిదు వందలు ఇస్తుంది, బడి సంచి అనో చెప్పులు అనో. నాలోని మాస్టారు ఊరుకోలేదు. తల్లిదండ్రులను చూడని పిల్లల మీద ఆర్డీఓకు ఫిర్యాదు చేయవచ్చని, 2007లోనే చట్టం వచ్చిందని వివరించాను. ఆవిడ ఓపికగా విని, "ఆఫీసులో నా కొడుకును నిలబెట్టి అడిగితే అన్నం పెడతాడు. ఆ అన్నం తినేటప్పుడు వాడి మొహం నేను చూడాలి కదా తమ్ముడూ" అంది. నేను కిటికీలోంచి పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను.

వేములవాడలో ఆ రాత్రి ఒక పొరపాటు చేశాను. గుడి మండపంలో చలికి ముడుచుకుని పడుకున్న ఒక ముసలమ్మ దగ్గర ఇరవై రూపాయల నోటు పెట్టాను. ఆవిడ లేచి కూర్చుని అరిచింది. మొక్కు ఉండి రాజన్న సన్నిధిలో నిద్ర చేయడానికి వచ్చిందట. జమ్మికుంటలో రెండంతస్తుల ఇల్లుందట. కొడుకులు లేచారు. నేను చేతులు జోడించి, నోటు తీసుకుని వచ్చేశాను. ఆ మండపంలో ఎవరికి ఇల్లుందో ఎవరికి లేదో కప్పుకున్న దుప్పట్లను బట్టి చెప్పలేం. 28వ తేదీ రాత్రి నేను లేపినవాళ్ళలో ఇలాంటివాళ్ళు ఎందరున్నారో.

ఈ గలాటా చూసి నవ్విన మనిషే నాకు అక్కడ దొరికిన స్నేహితుడు. ధర్మగుండంలో స్నానాలకు దిగేవాళ్ళ బట్టలు, సంచులు, ఫోన్లు కాపలా కాస్తాడు. మూటకు పది రూపాయలు. నగలు కూడా పెట్టి వెళతారట. అతనికి పెట్టె లేదు, గొళ్ళెం లేదు. నేలమీద పరిచిన ఒక పట్టా, అంతే. మిర్చి బజ్జీలు పంచుకుంటూ మాట్లాడుకున్నాం.

ఊరెక్కడ అంటే "నీళ్ళలో" అన్నాడు. మిడ్ మానేరు ముంపులో పోయిన ఊళ్ళలో వాళ్ళదొకటి. పాతిక టీఎంసీలకు పైగా నీళ్ళు నిలిచే జలాశయం అది. "ఇల్లు లేదనకండి సారు. ఉంది. పైన నీళ్ళున్నాయి." ఎండాకాలం నీళ్ళు తగ్గితే వెళ్ళి చూసి వస్తాడు. ఒకసారి వాళ్ళ వాకిట్లో రుబ్బురోలు కనిపించిందట.

పరిహారం రాలేదా అంటే అతను చెప్పినది నేను చాలాసేపు ఆలోచించాను. పరిహారం కాగితానికి ఇస్తారు. ఇల్లు చిన్నాన్న పేరు మీద ఉంది, వచ్చింది ఆ ఇంటికి వెళ్ళింది. "అది నా ఇల్లని కాగితం లేదు. కానీ ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు. ఊరు ఉన్నంతకాలం ఆ సాక్ష్యం చాలింది. ఇప్పుడు ఊరే నాలుగు దిక్కులా పోయింది, ఎవరిని పిలుచుకు రావాలి?"

ఇక్కడికే ఎందుకు వచ్చావంటే చెయ్యెత్తి గోపురం చూపించాడు. ఆ జలాశయానికి శ్రీ రాజరాజేశ్వర జలాశయమని పేరు పెట్టారు. "మా ఊరు ఆయన పేరున తీసుకున్నారు. అందుకే ఆయన దగ్గర కూర్చున్నాను. అడగను, ఊరికే కనబడుతూ ఉంటాను." ఇది భక్తో, ధర్నానో నాకు అర్థం కాలేదు. అతనికీ తేడా ఉన్నట్టు లేదు.

లాడ్జి గదికి ఆరు వందలు. దుప్పటి పలచన. నిద్ర పట్టలేదు.

జనవరి 21, మంగళవారం. ధర్మపురి

పొద్దున బస్సులో వారాల అక్క మళ్ళీ కనిపించింది. మంగళవారం అంజన్నది కనుక కొండగట్టు దారి దగ్గర దిగిపోయింది. వెళుతూ నా సకినాల్లో సగం సంచిలో వేసుకుని, బదులుగా రాజన్న బెల్లం ముక్క చేతిలో పెట్టింది. జగిత్యాలలో బస్సు మారాను.

ధర్మపురికి వెళ్ళినవాడికి యమపురి ఉండదని సామెత. యముడికి గుడి ఉన్న ఊరు కూడా అదే. దర్శనం త్వరగానే అయింది, పులిహోర బాగుంది. గోదావరి మెట్ల మీదకు వెళ్ళాను. నీళ్ళు దూరంగా, సన్నగా. ఒడ్డున నలభై అయిదేళ్ళ మనిషి ఒకతను చొక్కా ఉతికి, రాళ్ళ మీద ఆరేసి, మడతలు పడకుండా నాలుగు మూలలా గులకరాళ్ళు పెడుతున్నాడు. ఆరేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడని, అంతకుముందు దుబాయిలో ఉండి వచ్చాడని కొబ్బరికాయల కొట్టావిడ చెప్పింది. జగిత్యాల వైపు దుబాయి అనే మాట లేని ఇల్లు అరుదు.

మూడు రోజుల అనుభవంతో నాకు కాస్త ధైర్యం వచ్చింది. పక్కన కూర్చుని, మీ కథ చెబుతారా అని నేరుగా అడిగాను.

"చెప్పను" అన్నాడు.

మర్యాదగానే అన్నాడు. కథలు అడిగేవాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారట. ఒకసారి ఇద్దరు కుర్రాళ్ళు అన్నం పొట్లం ఇచ్చి, మాట్లాడించి, ఫోనులో తీసుకుని వెళ్ళారు. "అది మా ఊళ్ళో మా అమ్మ చూసింది. అప్పటిదాకా నేను దుబాయిలోనే ఉన్నానని అనుకుంటోంది."

నా జేబులో చిన్న నోటు పుస్తకం ఉంది. మిల్లు పెద్దాయన మాటలు, వరుస పెద్దమ్మ మాటలు అందులోనే రాసుకున్నాను, ఎప్పటికప్పుడు, వాళ్ళు చూస్తుండగానే. ఎవరూ వద్దనలేదు. నేనూ అడగలేదు. ఆ రాసుకున్నవే ఇప్పుడు ఇక్కడ పెట్టాను. పేర్లు, ఊళ్ళు తీసేశాను కానీ, ఆ పని సరిగా చేశానో లేదో నాకు నమ్మకం లేదు.

"మీరు చెప్పండి, నేను వింటాను" అన్నాడు అతను. సరే అన్నాను. ఎక్కడుంటారు అన్నాడు. హైదరాబాదులో, కూతురింట్లో. మీకంటూ గది ఉందా? లేదు, హాల్లో దివాను. అందరూ టీవీ కట్టేసేదాకా నేను పడుకోవడానికి లేదని చెబితే పకపకా నవ్వాడు. భార్య? పోయి నాలుగేళ్ళయింది. ఇంట్లో గొడవలా? గొడవలు లేవు, పలకరిస్తారు. రోజూ పలకరిస్తారా? పలకరిస్తారన్నాను. అతను ఇంకా అడిగాడు, నేను ఇంకా చెప్పాను. మిగిలిన సకినాలు అయిపోయాయి. చొక్కా ఒక పక్క ఆరాక రెండో పక్కకు తిప్పాడు. నేను ఒక వైపు రెండు మూలలకు గులకరాళ్ళు పెట్టాను.

మూడు గంటల బస్సుకు లేస్తూ, అలవాటుగా, మీ పేరేమిటని అడిగాను.

"రాసుకోవడానికా, పిలవడానికా?"

"పిలవడానికే" అన్నాను.

చెప్పాడు.